పాత అంబాసిడర్‌కు ఐదో గేరు: మొదటి కొలత నుంచి మొదటి ఆయిల్ మార్పు దాకా

హనుమకొండ నుంచి హైదరాబాద్ దాదాపు 145 కిలోమీటర్లు. మా అంబాసిడర్‌లో వెళ్లి దిగితే అరగంట దాకా చెవుల్లో ఇంజిన్ మోత తగ్గేది కాదు. 163వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలయింది కానీ బండిలో అవే నాలుగు గేర్లు. ఎనభై దాటగానే ఇంజిన్ మొత్తుకునేది. వెనక సీట్లోంచి బాపు, "ఇంకో గేరు లేదారా దీనికి?" అని అడిగేవాడు. ఆ ఇంకో గేరు పెట్టిన పనిని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను. మేం ఎక్కడ తప్పు చేశామో ఆ చోటు గురించి ఎక్కువ రాశాను. మీరు అక్కడే ఆగి చదవాలని నా కోరిక.

ఏ బాక్సు పెట్టాలి

పాత అంబాసిడర్‌లో ఉండేది 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ పెట్రోల్ ఇంజిన్, దాని వెనక స్టీరింగ్ పక్కన రాడ్డుతో నడిచే నాలుగు గేర్ల బాక్సు. నాలుగో గేరులో ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ (బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు పోయే పొడవాటి గొట్టం) కూడా ఒక చుట్టే తిరుగుతుంది. మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు పడేముందు పళ్ల వేగాలను కలిపే ఏర్పాటు) లేదు. బండి పూర్తిగా ఆగకముందే ఫస్ట్ వేస్తే కరకరమనేది అందుకే.

1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ 1817 సీసీ ఇసుజు ఇంజిన్‌తో అంబాసిడర్ 1800 ఐఎస్‌జడ్ తెచ్చింది. దానికి ఐదు గేర్ల బాక్సు, కింద నేల మీద గేరు రాడ్డు. అదే కంపెనీ కాంటెస్సాలోనూ ఇసుజు 1.8 ఇంజిన్ వెనక ఐదు గేర్ల బాక్సే ఉంటుంది. మన అవసరానికి దగ్గరి చుట్టాలు ఈ రెండే.

ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. ఇసుజు ఇంజిన్, బాక్సు రెండూ కలిపి ఎక్కించడం మొదటిది. జత కుదిర్చే బాధ ఉండదు కానీ ఆర్సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది. ఇంజిన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీఓ అనుమతి ముందే తీసుకోవాలి, తర్వాత ఆర్సీలో మార్పించుకోవాలి. ఉన్న ఇంజిన్‌ను అలాగే ఉంచి బాక్సు మాత్రమే మార్చడం రెండోది. మేం చేసింది, ఇక్కడ రాసేది రెండోదే. గేర్‌బాక్సు నంబరు ఆర్సీలో ఉండదు. అయినా పని మొదలుపెట్టే ముందు ఆర్టీఓ ఆఫీసులో ఒక మాట అడిగి రావడం మంచిది. ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు టెన్షన్ ఉండదు.

ఇంకో మాట. మీ బండి వయసు 50 ఏళ్లు దాటిందా? 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుంది. ఛాసిస్‌లోనో బాడీలోనో ఇంజిన్‌లోనో మార్పులు చేస్తే ఆ అర్హత పోవచ్చు. గేరు రాడ్డు కోసం నేల కోయడం బాడీ మార్పే. అలాంటి బండి మీ దగ్గర ఉంటే ఐదో గేరు ఆలోచన మానుకోండి. దాన్ని ఉన్నది ఉన్నట్టు కాపాడుకోవడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

కొనే ముందు చేత్తో చూడాల్సినవి

పాత సామాను దుకాణంలో బాక్సును నేల మీద పెట్టించి ముందు షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. ఒక్కో గేరులో వేసి తిప్పుతూ గరగర వస్తుందేమో వినండి. వెనక షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. లొడలొడ ఊగితే బేరింగ్ పోయిందని అర్థం. డ్రెయిన్ నట్టు విప్పించి అడుగున ఏముందో వేలితో తీసి చూడండి. నల్లటి ముద్ద ఉంటే మామూలే, మెరిసే పలుకులు వస్తే వదిలేయండి.

ఐదో గేరు నిష్పత్తి ఎంతో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. ముందు షాఫ్ట్ మీదా, వెనక ఫ్లాంజ్ మీదా సుద్దతో ఒక్కో గీత పెట్టండి. ఐదో గేరులో వేసి, వెనక షాఫ్ట్ సరిగ్గా 10 చుట్లు తిరిగేదాకా ముందు షాఫ్ట్‌ను తిప్పుతూ లెక్కపెట్టండి. ముందుది ఎనిమిదిన్నర చుట్లు తిరిగితే నిష్పత్తి 0.85.

ఇప్పుడు లెక్క. వెనక యాక్సిల్ నిష్పత్తి లోపలి పెద్ద పళ్ల చక్రం (క్రౌన్), దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం (పినియన్) పళ్లను బట్టి వస్తుంది. 41 పళ్ల క్రౌన్‌కు 9 పళ్ల పినియన్ ఉంటే 4.55. చక్రం ఒక్క చుట్టుకు ఎంత దూరం పోతుందో నేల మీద సుద్ద గీతలు పెట్టి బండిని నెట్టి కొలవండి. అది 2 మీటర్లనుకుందాం. గంటకు 80 కిలోమీటర్లంటే నిమిషానికి 1333 మీటర్లు, అంటే చక్రం 667 చుట్లు. 4.55తో గుణిస్తే నాలుగో గేరులో ఇంజిన్ దాదాపు 3035 చుట్లు తిరుగుతోంది. 0.85 ఐదో గేరులో అదే వేగానికి 2580. నిమిషానికి 450కి పైగా చుట్లు తగ్గాయి. చెవికి తెలిసే తేడా ఇది.

బాక్సు ఒక్కటే అగ్గువకు వస్తున్నదని తెచ్చుకోకండి. బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఇంజిన్‌కు బిగిసే గంట లాంటి డొల్ల), క్లచ్ ఫోర్కు, రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను నొక్కేది), గేరు రాడ్డు, వెనక రబ్బరు మౌంటింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు యోక్ (షాఫ్ట్ కొసన ఉండే రెండు చెవుల ముక్క), స్పీడోమీటర్ పినియన్ అన్నీ ఆ బాక్సువే కలిపి తీసుకోండి. వీటిలో ఒక్కటి తక్కువైనా తర్వాత దాని కోసం ఊళ్లు తిరగాలి.

ఇంటికి తెచ్చాక బాక్సు విప్పించి బేరింగులు, ఆయిల్ సీళ్లు మార్చండి. ఒక్కో సింక్రో రింగును దాని కోన్ మీద వేలితో నొక్కి, రింగుకూ గేరు పళ్లకూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి పట్టీలు) చూడండి. కొత్త రింగు పెట్టినప్పుడు ఉండే సందుతో పోల్చితే ఎంత అరిగిందో తెలుస్తుంది. విప్పిన బాక్సును వెంటనే బిగించకండి. ఖాళీ డొల్లతో ఒక పని ఉంది.

పాత బాక్సు దించడం

బండిని పిట్ మీద పెట్టండి, లేదా నాలుగు వైపులా స్టాండ్ల మీద నిలపండి. జాకీ మీద ఉన్న బండి కింద తల పెట్టొద్దు. బ్యాటరీ వైరు తీయండి. పాత గేర్ ఆయిల్ వంచేయండి.

బండిని స్టాండ్ల మీదికి ఎక్కించకముందే, ఏదీ విప్పకముందే ఒక కొలత తీసుకోవాలి. ఫోనులో వాలు చూపించే యాప్ పెట్టి, బండి నాలుగు చక్రాల మీద ఉండగా ఇంజిన్ ఎంత వాలుగా కూర్చుందో, వెనక యాక్సిల్ పినియన్ ఎంత వాలుగా ఉందో రాసుకోండి. ఈ రెండు అంకెలు లేకపోతే చివర్లో చీకట్లో తడుముకోవాల్సి వస్తుంది.

తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్, స్పీడోమీటర్ కేబుల్, స్టీరింగ్ కాలమ్ నుంచి వచ్చే గేరు రాడ్లు, క్లచ్ కనెక్షన్ ఒక్కొక్కటిగా తీయండి. బాక్సు దిగితే ఇంజిన్ వెనక భాగానికి ఆధారం ఉండదు. అందుకని ఆయిల్ ఛాంబర్ కింద చెక్క దిమ్మె పెట్టి, దాని కింద జాకీ ఆనించండి. ఇంజిన్ వెనక్కి వాలితే ముందు ఫ్యాన్ పోయి రేడియేటర్‌కు తగులుతుంది, జాగ్రత్త. బాక్సు ఒక్కరు మోసే బరువు కాదు, కింద ఇద్దరు ఉండాలి.

ముఖ్యమైన హెచ్చరిక ఇంకొకటి ఉంది. అంబాసిడర్ ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగులు ఉండవు, బండి కింద పొడవునా పోయే టార్షన్ బార్లు ఉంటాయి. బండి ముందు బరువంతా వాటి మెలిక మీదే ఉంటుంది. వాటి వెనక కొసలు బిగించిన చోట ఏ బోల్టునూ ముట్టుకోవద్దు.

తీసిన ప్రతి నట్టునూ, రాడ్డునూ సంచుల్లో వేసి పేరు రాసి దాచండి. రేపు ఎవరైనా ఈ బండిని మళ్లీ అసలు రూపానికి తేవాలనుకుంటే ఆ సంచులే ఆధారం. మా సంచులు అటక మీద బియ్యం డబ్బాల పక్కన ఉన్నాయి.

అడాప్టర్ ప్లేటు: అసలు పని ఇదే

ఇసుజు బాక్సు బెల్ హౌసింగ్ బోల్టు రంధ్రాలు, బీ-సిరీస్ ఇంజిన్ వెనక రంధ్రాలు ఒకదానికొకటి కలవవు. మధ్యలో ఒక ప్లేటు చేయించాలి. ఈ ప్లేటుకు రెండు బాధ్యతలు ఉన్నాయి: బాక్సును సరైన దూరంలో ఉంచడం, సరైన మధ్యలో ఉంచడం. దూరం తేలిగ్గా కుదురుతుంది. మధ్య కుదరడమే కష్టం.

ముందు దూరం సంగతి చూద్దాం. గేర్‌బాక్సు ముందు షాఫ్ట్ కొస ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ వెనక ఉన్న పైలట్ బుష్‌లో (ఆ కొసను మధ్యలో పట్టి ఉంచే చిన్న గొట్టం) కూర్చోవాలి. కొస బుష్‌లోకి బాగా దిగాలి, కానీ లోపల అడుగుకు తగలకూడదు, 2-3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఉదాహరణకు షాఫ్ట్ కొస బెల్ ముఖం నుంచి 30 మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకు వచ్చింది, బుష్ మూతి ఇంజిన్ ముఖానికి 3 మిల్లీమీటర్ల లోపల ఉంది అనుకోండి. ప్లేటు లేకపోతే కొస 27 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. 12 మిల్లీమీటర్ల ప్లేటు పెడితే 15 పోతుంది. లెక్క అర్థం కావడానికే ఈ అంకెలు. మీ కొలతలు మీరే వెర్నియర్‌తో తీయాలి, ఒక్కోటి మూడుసార్లు. క్లచ్ ప్లేటు హబ్ షాఫ్ట్ గాట్ల మీద పూర్తిగా కూర్చుంటుందా, కొత్త బెల్‌కు స్టార్టర్ మోటారు అడ్డం వస్తుందా అన్నది కూడా ఇప్పుడే చూసుకోవాలి.

షాఫ్ట్ కొస మందం పాత దానితో కలవకపోతే గన్‌మెటల్ బుష్ కొత్తది టర్నింగ్ చేయించండి. క్రాంక్‌లో బిగుతుగా కూర్చోవాలి, షాఫ్ట్ మీద వేలితో తిప్పితే తిరగాలి కానీ ఊగకూడదు.

ఇక మధ్య సంగతి. మొదటిసారి మేం చేసింది చెబుతాను. అట్ట మీద రంధ్రాలు అచ్చు తీసి, ఒక లేత్ షాపులో ప్లేటు చేయించాం. "సెంటర్ ఎట్ల చూసుకోవాలె అన్నా?" అని అడిగితే, "బోల్టులే పట్టుకుంటయి తమ్మీ, ఏం కాదు" అన్నారు. నమ్మాను. బండి నడిచింది, సంబరపడ్డాం. 600 కిలోమీటర్లు తిరిగేసరికి క్లచ్ తొక్కితే సన్నటి ఈల మొదలైంది. తర్వాత ఫస్ట్, రివర్స్ పడటం కష్టమైంది. బాక్సు మళ్లీ దించి చూస్తే పైలట్ బుష్ రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగిపోయింది. క్లచ్ ప్లేటు హబ్ గాట్లు ఒకవైపే మెరుస్తున్నాయి. డయల్ గేజ్ (సన్నటి తేడాను సూదితో చూపే సాధనం) పెట్టి తిప్పితే సూది మొత్తం 0.6 మిల్లీమీటర్లు కదిలింది. అంటే క్రాంక్ మధ్యకూ బాక్సు మధ్యకూ 0.3 మిల్లీమీటర్ల తేడా. మూడు నాలుగు కాగితాల మందం! అంతే తేడా, అంత నష్టం చేసింది.

బోల్టు ఉన్నది బిగించడానికి, స్థానం చూపడానికి కాదు. బోల్టు రంధ్రంలో ఎప్పుడూ కొంత ఆట ఉంటుంది. స్థానం చూపేది డోవెల్ పిన్, అంటే రంధ్రంలో ఆట లేకుండా బిగుతుగా దిగే గుండ్రటి పిన్ను. కాబట్టి ఇలా చేయండి.

ప్లేటును ఇంజిన్‌కు బిగించి, దాని మీద బెల్ హౌసింగ్‌ను బోల్టులు సగం బిగువుగా ఉంచి పెట్టండి. బెల్ విడిగా ఊడేదైతే పని సులువు. బాక్సుతో కలిపి పోత పోసినదైతే, ఇందాక దాచమన్న ఖాళీ డొల్లను ఎక్కించండి. డయల్ గేజ్ అయస్కాంతం స్టాండును ఫ్లైవీల్‌కు అంటించి, గేజ్ కొసను బాక్సు ముందు బేరింగ్ కూర్చునే రంధ్రం లోపలి అంచుకు ఆనించండి. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఒక్క చుట్టు నెమ్మదిగా తిప్పుతూ పైన, కింద, ఎడమ, కుడి సూది ఎక్కడుందో సుద్దతో బెల్ మీదే రాయండి. ఎదురెదురు అంకెల తేడాలో సగం మేర బెల్‌ను రబ్బరు సుత్తితో కొట్టి జరపాలి. మళ్లీ తిప్పాలి, మళ్లీ రాయాలి. సూది మొత్తం కదలిక 0.15 మిల్లీమీటర్ల లోపుకు వచ్చేదాకా వదలొద్దు. రెండోసారి మాకు దీనికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. చివరికి 0.08 దగ్గర ఆగాం.

అలాగే గేజ్‌ను బెల్ వెనక ముఖానికి ఆనించి కూడా తిప్పండి. ముఖం వాలి ఉంటే ప్లేటు రెండు వైపులా సమంగా లేదని అర్థం. షిమ్ములు (పలచటి రేకులు) పెట్టి సర్దడం కన్నా ప్లేటును సర్ఫేస్ గ్రైండింగ్‌కు తిరిగి పంపడమే మంచిది.

కుదిరాక బోల్టులు పూర్తిగా బిగించి, మళ్లీ ఒకసారి తిప్పి చూసి, అప్పుడు బెల్, ప్లేటు రెండూ కలిపి ఎదురెదురు మూలల్లో రెండు డోవెల్ రంధ్రాలు వేసి రీమర్ (రంధ్రాన్ని నున్నగా, సరైన కొలతకు తెచ్చే పనిముట్టు) తిప్పించండి. పిన్నులు దిగాక బాక్సు ఎన్నిసార్లు దించి ఎక్కించినా అదే చోట కూర్చుంటుంది. ప్లేటుకూ ఇంజిన్‌కూ మధ్య కూడా ఇలాగే రెండు పిన్నులు ఉండాలి.

క్లచ్

పాత ఫ్లైవీల్, పాత ప్రెషర్ ప్లేటు ఉంచుకోవచ్చు. క్లచ్ ప్లేటు మాత్రం బయటి కొలత పాత దానిది, మధ్య హబ్ గాట్లు కొత్త బాక్సువి ఉండాలి. రెండు ప్లేట్లు తీసుకుని హబ్ మార్పించే పని క్లచ్ ప్లేట్లు రీబిల్డ్ చేసేవాళ్లు చేస్తారు. హబ్ రివెట్లు దగ్గరుండి చూసుకోండి.

రిలీజ్ బేరింగ్ దగ్గర తికమక పడతారు. బీ-సిరీస్‌ది కార్బన్ బేరింగ్, గుండ్రటి నల్ల గ్రాఫైట్ రింగు. ప్రెషర్ ప్లేటు మధ్యలో ఉన్న చదును పళ్లెం మీద అది రాసుకుంటుంది. కొత్త బాక్సు ఫోర్కుకు వచ్చేది బాల్ బేరింగ్. ఏ ప్రెషర్ ప్లేటుకు ఏ బేరింగ్ తగులుతుందో బల్ల మీద పెట్టి చూడండి. పెడల్ వదిలినప్పుడు బేరింగ్‌కూ ప్రెషర్ ప్లేటుకూ కొద్దిగా ఖాళీ ఉండాలి, పూర్తిగా తొక్కినప్పుడు క్లచ్ ప్లేటు స్వేచ్ఛగా తిరగాలి. ఈ రెండూ ఒకేసారి కుదరకపోతే ఫోర్కు ఆనే బంతి బోల్టు ఎత్తు మార్చాలి. బాక్సు ఎక్కించాక బెల్ పక్క కిటికీలోంచి టార్చి వేసి ఒకరు చూస్తుండగా ఇంకొకరు పెడల్ తొక్కండి.

టన్నెల్, క్రాస్ మెంబర్

బాక్సును మొదటిసారి ఎక్కించేది బిగించడానికి కాదు, చూడటానికి. జాకీతో నెమ్మదిగా లేపుతూ టన్నెల్‌కు (బండి నేల మధ్యలో పైకి ఉబికిన భాగం) ఎక్కడ తగులుతుందో సుద్దతో గుర్తు పెట్టి దించండి. గేరు రాడ్డు రంధ్రం కింది నుంచే గుర్తించి, ముందు చిన్నగా కోయండి. పెద్దది చేయడం ఎప్పుడైనా కుదురుతుంది. కార్పెట్లు, సీట్లు తీసేసి, పెట్రోల్ పైపు ఎటు పోతుందో చూసుకుని, పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని వెల్డింగ్ చేయించండి. కోసిన అంచులకు ప్రైమర్ వేయండి. మన వానాకాలానికి రెండేళ్లలో తుప్పు పడుతుంది.

బెంచి సీటు ఉంచుకోవాలంటే గేరు రాడ్డును వేడి చేసి వంచించాలి. ముందు మధ్యలో కూర్చునే మనిషి మోకాలికి రెండో గేరులో రాడ్డు తగులుతుందో లేదో సీటు పెట్టి, మనిషిని కూర్చోబెట్టి చూడండి. మేం మా చెల్లెను కూర్చోబెట్టి మూడుసార్లు వంచాం.

వెనక మౌంటింగ్‌కు క్రాస్ మెంబర్ (బాక్సు వెనక భాగాన్ని మోసే అడ్డ పట్టీ) కొత్తగా చేయించాలి. దాన్ని బోల్టులతో ఊడేలా చేయించండి, బాడీకి వెల్డింగ్ పెట్టించొద్దు. ఎత్తు ఎంత అన్నదానికి మొదట్లో రాసుకున్న ఇంజిన్ వాలే జవాబు. ఆ అంకె తిరిగి వచ్చేదాకా సర్దండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్

కొత్త బాక్సు పొడవు వేరు కాబట్టి షాఫ్ట్‌ను కోసి కుదించాలి. కొలత తీసేటప్పుడు బండి చక్రాల మీదే ఉండాలి. గాలిలో వేలాడే యాక్సిల్‌తో తీసిన కొలత తప్పు. బాక్సులోకి జారే యోక్ అయితే పూర్తిగా లోపలికి తోసి, అక్కడి నుంచి 20-25 మిల్లీమీటర్లు వెనక్కి లాగి కొలవండి. గుంతలో చక్రం లేచినప్పుడు షాఫ్ట్ బాక్సును పొడవకుండా కాపాడేది ఆ ఖాళీయే.

వెల్డింగ్ పెట్టేటప్పుడు రెండు కొసల యోక్‌లు ఒకే తలంలో ఉండాలి, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా కాదు. తర్వాత తప్పకుండా బ్యాలెన్సింగ్ మెషిన్ మీద పెట్టించండి. బాక్సు వెనక షాఫ్ట్, యాక్సిల్ పినియన్ రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఒక్కో క్రాస్ (షాఫ్ట్ కొసల్లో మలుపు తిరిగే కీలు) దగ్గర 1 నుంచి 3 డిగ్రీల మలుపు ఉంటే చాలు. రెండు వైపుల తేడా ఒక డిగ్రీ దాటితే అరవై దగ్గర అదురు మొదలవుతుంది.

చిన్న పనులు

స్పీడోమీటర్ కేబుల్ బాక్సు వైపు కొస కొత్తది, మీటరు వైపు కొస పాతది కావాలి. రెండు కేబుళ్లను కలిపి ఒకటి చేయించండి. మీటరు చూపే వేగాన్ని ఫోనులో జీపీఎస్‌తో పోల్చుకోండి. రివర్స్ లైటు స్విచ్చికి వైరు లాగండి. గేరు నాబ్ మీద గేర్ల పటం లేకపోతే చిన్న స్టిక్కర్ అంటించండి. స్టీరింగ్ పక్క రాడ్డుకు అలవాటుపడ్డ చేతికి మొదటి వారం అది కావాలి.

ఆయిల్ పోసేటప్పుడు డబ్బా మీద జీఎల్-4 (గేర్ ఆయిల్ రకం) అని ఉందో లేదో చూడండి. జీఎల్-5 పోస్తే మంచిదేగా అనిపిస్తుంది కానీ అందులోని రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులకు పడవు. పక్క నట్టు రంధ్రం దాకా నిండాలి, అంతకు మించి వద్దు.

మొదటి ప్రయాణాలు

ముందు వెనక చక్రాలు గాల్లో ఉండగా, స్టాండ్ల మీదే అన్ని గేర్లూ వేసి తిప్పి చూడండి. కింద ఆయిల్ చుక్కలు ఉన్నాయేమో చూసి దించండి. తర్వాత 50 కిలోమీటర్లు ఊళ్లోనే తిరగండి. మేం హంటర్ రోడ్డు మీద పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు తిరిగాం.

అదురు వస్తే దాని మూలం ఇలా కనుక్కోండి. ఏ గేరులో ఉన్నా సరే ఒకే రోడ్డు వేగం దగ్గర వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్‌దో క్రాస్‌లదో తప్పు. బండి నిలబడి ఉండగా యాక్సిలరేటర్ తొక్కినా వస్తే ఫ్లైవీల్, క్లచ్ వైపు చూడండి. క్లచ్ తొక్కగానే ఈల వస్తే పైలట్ బుష్, రిలీజ్ బేరింగ్. ఐదో గేరులో మాత్రమే శబ్దం వస్తే బాక్సు లోపలి సంగతి.

ఐదో గేరు 60 దాటాకే వేయండి. బీ-సిరీస్ ఇంజిన్‌కు అంతకన్నా తక్కువలో అది బరువవుతుంది. కాజీపేట రైల్వే బ్రిడ్జి ఎక్కేటప్పుడు మూడోదో నాలుగోదో వేసుకోవాల్సిందే. ములుగు రోడ్డు మీద రామప్ప దాకా వెళ్లిన రోజు, పాలంపేట మలుపుకు ముందు తిన్నటి రోడ్డు మీద ఐదో గేరు వేశాను. వెనక నుంచి బాపు మాట్లాడుతున్న మాటలు గట్టిగా అరవకుండానే ముందుకు వినిపించాయి. ఏం మాట్లాడుతున్నాడో వినకుండా ఆ గొంతునే విన్నాను కాసేపు.

500 కిలోమీటర్ల దగ్గర బండిని మళ్లీ పిట్ ఎక్కించండి. బెల్ బోల్టులు, క్రాస్ మెంబర్ బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజ్ బోల్టులు టార్క్ రెంచితో ఒకసారి చూడండి. బాక్సు ఆయిల్ వేడిగా ఉండగానే తెల్లటి పళ్లెంలోకి వంచండి. సన్నటి బూడిద రంగు పొడి తేలితే గేర్లు, బేరింగులు సర్దుకుంటున్నాయని అర్థం, కొత్త ఆయిల్ పోసి నడుపుకోండి. ఇత్తడి రంగు పొరలు కనబడితే ఏ రింగు అరుగుతుందో చూడాలి. ఏ గేరు పడేటప్పుడు చేతికి గట్టిగా తగులుతుందో గుర్తుచేసుకుని, మొదట ఆ వైపే విప్పండి.